కాలేజీ మెసేజ్‌కు సటీక తాత్పర్యం

మూలం: "డియర్ పేరెంట్, ఈ వారం పరీక్షలో మీ వార్డ్‌కు మ్యాథ్స్ వన్ బీలో 75కి 19. దయచేసి కౌన్సెల్ చేయగలరు."

అవతారిక: ఆదివారము పరీక్ష జరుగగా, సోమవారము రాత్రి సర్వ తల్లిదండ్రుల ఫోన్లయందు ఏకకాలమున వెలువడు ఈ మహావాక్యమునకు కర్త తెలియరాడు. వేదమువలె అపౌరుషేయమని కొందరు, ఆఫీసు కంప్యూటరని మరికొందరు. తిరిగి జవాబిచ్చుటకు వీలులేని నంబరునుండి వచ్చుటచే మొదటి పక్షమే బలమైనది.

టీక: డియర్ అనునది స్పష్టము. పేరెంట్ అనగా ఫీజు కట్టినవాడు. వార్డ్ అనగా మా అన్నయ్య కూతురు, ఇంటర్ మొదటి సంవత్సరము, ఎంపీసీ. దయచేసి అనునది పాదపూరణము. కౌన్సెల్ చేయుటయన వదిన అరచుట, అన్నయ్య టీవీ కట్టేయుట.

ఇక 19. పాసుకు 26 కావలెను గనుక ఇది అల్పసంఖ్య. అల్పసంఖ్యలకెల్ల అవధి సున్న. ఆ సున్నను గూర్చి పూర్వులేమనిరో చూడక ముందుకు పోరాదు. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున సున్నకు కూడికలు, తీసివేతలు చక్కగా చెప్పి, సున్నను సున్నతో భాగిస్తే సున్నయే అనెను. తొమ్మిదో శతాబ్దమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమున, ఏ సంఖ్యనైనను సున్నతో భాగిస్తే అది మారదనెను. పదకొండో శతాబ్దమున మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినది ఈ గ్రంథమునే. లెక్కలను కందాల్లో, సీసాల్లో నేర్చుకున్న జాతి మనది! పిమ్మట 1150లో భాస్కరాచార్యుడు సున్న హారముగా గల రాశికి ఖహరమని పేరిడి, ఎంత కలిపినా ఎంత తీసినా మారని అనంతమనెను. అయిదు వందల ఏళ్ల పైచిలుకు, ముగ్గురు మహానుభావులు. అయినను చిక్కు వీడలేదు. నేటి పేపరు దిద్దువాడు ఈ ముగ్గురిలో ఎవరికిని పూర్తి మార్కులు వేయడు. మహావీరుని సెక్షన్ మార్చెడివారు కూడ.

మెసేజ్ సంగతి మరచితిమి.

వన్ బీలో లిమిట్స్ పాఠమంతా ఈ సున్న బై సున్న గొడవే. పిల్ల జవాబు పత్రం చూశాను. ఎక్స్ విలువను నేరుగా వేసింది. పైనా సున్న, కిందా సున్న వచ్చాయి. "జవాబు సున్న" అని రాసి, స్కేలు పెట్టి కింద రెండు గీతలు గీసింది. అచ్చంగా బ్రహ్మగుప్త సంప్రదాయం. దాని మీద అడ్డంగా ఎర్రగీత. పక్కన ఒక్క మాట లేదు. "సున్న బై సున్న ఎందుకు సున్న కాదో చెప్పలేదు బాబాయ్, ఫార్ములా వేసుకొమ్మన్నారు" అంది. బ్రహ్మగుప్తుడికి చిక్కనిది దానికి ఒక్క పీరియడ్‌లో చెప్పేసి, ఆదివారం పరీక్ష పెట్టారు! శనివారం రాత్రి నుంచే దానికి కడుపునొప్పి. కంచంలో కలిపిన అన్నం కలిపినట్టే ఉంటుంది.

విశేషము: సున్న మార్కులు వేయువారి చేతిలోనూ పుట్టును. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్న వచ్చింది. మళ్లీ చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. దీనికి టీక రాయడానికి నాకు చేయి రాదు.

తాత్పర్యము: పిల్లకు లెక్కలు రావని మెసేజ్ చెప్పుచున్నది. ఎక్కడ రాలేదో చెప్పుట లేదు. కాలేజీకి తెలిసినది సంఖ్య మాత్రమే అని ఫలితార్థము.

కాలేజీవారికి ఒక విన్నపం. ఆ 19 పక్కన ఇంకో వాక్యానికి చోటుంది. పిల్ల ఏ లెక్క దగ్గర ఆగిపోయిందో అక్కడ రాయించండి. లెక్చరరుకు అంత తీరిక లేదంటారా, నెలకు రెండు ఆదివారాలు పరీక్ష మానేసి, దిద్దిన పేపర్లు పిల్లల ముందు పెట్టి చెప్పించండి.