పెద్ద గూట్లో చిన్న డ్రైవు: టీ వచ్చేలోపు బిగించే చిట్కాలు

కర్నూలు, కడప రిపేరు షాపుల అన్నదమ్ములారా! పాత డెస్క్‌టాప్‌లో ల్యాప్‌టాప్ హార్డ్ డ్రైవు వేయమని గిరాకీ వచ్చిందా? టీ చెప్పండి. గ్లాసు చేతికి వచ్చేలోపు పని ముగియాలి.

1. బ్రాకెట్ కొనొద్దు. గూడు 3.5 అంగుళాల డ్రైవుకు చేసింది. ఆ డ్రైవు వెడల్పు 101.6 మిల్లీమీటర్లు, 2.5 అంగుళాలదానికి 69.85. మిగిలే సందు 32 మిల్లీమీటర్లు కూడా లేదు. దానికోసం రేకుముక్క కొనడం దుబారా.

2. సందులో కడప బండ ముక్క దూర్చండి. మన దగ్గర బండకు కరువా? ఆ బరువుకు డ్రైవు కదలదు. బండ చల్లగా ఉంటుంది గనుక కేసు ఫ్యాను పీకి ఇంకో గిరాకీకి అమ్ముకోండి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటితే దాటనీ, చాలా డ్రైవులు 60 దాకా ఓర్చుకుంటాయని కంపెనీలే రాస్తాయి. బండ దొరక్కపోతే పాత హవాయి చెప్పు కోసి పెట్టండి.

3. స్క్రూ కోసం వెతకొద్దు. చిన్న డ్రైవుకు 3 మిల్లీమీటర్ల ఎం3 స్క్రూ పడుతుంది. పెద్ద డ్రైవుది 3.5 మిల్లీమీటర్ల లావు, మర కూడా వేరే. డబ్బాలో ఏది దొరికితే అది పెట్టి బలం కొద్దీ తిప్పండి. అల్యూమినియం మెత్తన, అదే దారిస్తుంది. మర చెడిందా, మరీ మంచిది! వేరే షాపువాడు దాన్ని ఊడదీయలేడు. గిరాకీ మళ్ళీ మీ దగ్గరికే రావాలి.

4. డ్రైవు మీద గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, మూయొద్దని పక్కనే రాసి ఉంటుంది. క్వారీ దుమ్ము సంగతి ఆ రాసినవాడికేం తెలుసు? మీ షాపు స్టిక్కర్ సరిగ్గా దానిమీదే అంటించండి.

5. బండ మోసే ఓపిక కూడా లేదా? వైర్లకే వేలాడదీయండి. సాటా ప్లగ్గు రెండు సైజులకూ ఒకటే. చిన్నదానికి 5 ఓల్టులు చాలు, 12 ఓల్టుల పనే లేదు. లోపల పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటే, హెడ్డు దానిమీద కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. తేలేదానికి ఊగితే నష్టమేముంది? మూత వేసేయండి.

6. బ్యాకప్ మాటెత్తొద్దు. పెళ్ళి ఫొటోలన్నీ కాపీ అయ్యేదాకా కూర్చుంటే టీ చల్లారిపోతుంది.

7. అసలు పనితనం సాకుల్లో ఉంది, ముందే వల్లె వేసుకోండి. టకటకమంటే: “కొత్తది గదన్నా, సర్దుకుంటాది.” నత్తనడక నడిస్తే: “విండోస్ అప్‌డేట్ అన్నా, మన చేతిలో లేదు.” పూర్తిగా చచ్చిపోతే: “మొన్న కరెంటు పోయి వచ్చె గదా, ఆ దెబ్బే.” వారంటీ అడిగితే: “డ్రైవుకు వారంటీ కంపెనీది. ఫిట్టింగ్‌కు వారంటీ యాడుంటాదన్నా?” నాలుగూ పనిచేయకపోతే షట్టరు సగం దించి భోజనానికి వెళ్ళండి.

కూలి మాత్రం మూత వేయకముందే చేతిలో పెట్టించుకోండి. మిషను ఆన్ చేశాక అడిగితే బేరాలాడతారు.