సిస్టమ్ నిర్దోషి, సఫాయివాలాకి ఛార్జిషీటు

అంతరిక్షంలో గాలి ఉండదని మనకు చిన్నప్పుడే బళ్లో చెప్పారు. రాజకీయాలు కూడా ఉండవని ఈమధ్యనే తెలిసింది. ఈ సంగతి కనిపెట్టినవారు సైన్స్ ఫిక్షన్ అభిమానులు. గ్రహాంతరవాసులు దిగొచ్చు, కాలంలో వెనక్కీ ముందుకీ షికారు చేయొచ్చు, ఓ చిన్న పోలీసు డబ్బా లోపల ఊరంత ఓడ పట్టొచ్చు. వాటికి ఏ అభ్యంతరమూ లేదు. ఆ ఓడ దిగినచోట ఎవడైనా 'ఇక్కడ జీతాలెంత?' అని అడిగాడో, అయిపోయింది. 'కథలోకి రాజకీయాలు లాగుతున్నారు బాబోయ్' అని గగ్గోలు.

రాజకీయాల వాసన తగిలే ఎపిసోడ్ ఒకటి వచ్చిందంటే అభిమానులు మూడు జట్లవుతారు. మొదటి జట్టు అంటుంది: 'సరదాగా చూద్దామని కూర్చుంటే పాఠాలు చెబుతారేంటి?' రెండో జట్టు అంటుంది: 'పాఠం చెప్పండి, కాదనం. మా పాఠం కాకుండా వేరేది చెబుతారేంటి?' మూడో జట్టువాళ్లు మహా మర్యాదస్తులు. 'ఇరుపక్షాలనీ సమానంగా చూపించారు, శభాష్' అని చప్పట్లు కొట్టి, లేచి వెళ్లి పడుకుంటారు.

ఈ గొడవ కొత్తది కాదు. 1969 జనవరిలో 'స్టార్ ట్రెక్'లో ఇద్దరు మనుషులొచ్చారు. ఒకడి మొహం కుడివైపు నలుపు, ఎడమవైపు తెలుపు. రెండోవాడికి అవే రంగులు అటుదిటు. ఆ తేడాకే ఒకళ్ల రక్తం ఒకళ్లు తాగేంత పగ. చివరికి చూస్తే వాళ్ల గ్రహం మొత్తం ఆ పగతోనే బూడిదైపోయి ఉంటుంది. 'మరీ ఇంత విడమరిచి చెప్పాలా?' అని విసుక్కున్నవాళ్లు అప్పటినుంచీ ఉన్నారు. విడమరిచి చెప్పినా ఎక్కలేదన్న సంగతి తరవాత లోకమే రుజువు చేస్తూ వచ్చింది.

అయితే ఈ మూడు జట్లనీ ఒక్క దెబ్బకి బయటికి లాగింది మాత్రం బీబీసీ వారి 'డాక్టర్ హూ'. 1963లో మొదలైన సీరియల్. అందులో డాక్టరు చావు దగ్గరపడినప్పుడల్లా కొత్త మొహంతో మళ్లీ లేస్తాడు. 2018 సీజన్ నాటికి ఆ మొహం తొలిసారి ఆడమనిషిది అయింది: జోడీ విట్టేకర్. ఆ సీజన్‌లో ఒక వారం అమెరికా బస్సులో సీటు వదలనన్న రోసా పార్క్స్ కథ. ఇంకో వారం వినయ్ పటేల్ రాసిన 1947 నాటి పంజాబ్ విభజన కథ. మొదటి జట్టుకి అప్పటికే తల వాచిపోయింది. ఆ మరుసటి వారమే, నవంబర్ 18న, 'కెర్‌బ్లామ్!' వచ్చింది.

కెర్‌బ్లామ్ అంటే గెలాక్సీ నలుమూలలకీ సరుకులు పంపే కంపెనీ. దాని గోదాము ఓ చందమామ మీద. పనంతా యంత్రాలదే. నూటికి పదిమందైనా మనుషులు ఉండి తీరాలన్న నిబంధన ఒకటుంది కాబట్టి ఆ పదిమందీ ఉన్నారు. ఒక్కొక్కరి కాలికి ఓ కడియం. మనిషి ఎక్కడున్నాడు, ఎంత పని చేశాడు అన్నీ అది చెప్పేస్తుంది. పనిలో ఇద్దరు నాలుగు మాటలాడుకుంటే నవ్వుమొహం రోబో ఒకటి వచ్చి ఎంతో మర్యాదగా మందలిస్తుంది. కూతురి చదువు కోసం ఇంటికి దూరంగా వచ్చి పడ్డ తండ్రి ఒకడున్నాడు. కిరా అనే అమ్మాయి ఉంది. పార్సిల్ విప్పేవాళ్ల మొహాల్లో సంతోషాన్ని ఊహించుకుంటూ రోజంతా పార్సిళ్లు కడుతుంది. నేల తుడిచే చార్లీకి ఆ పిల్లంటే ఇష్టం, పైకి చెప్పలేడు.

డాక్టరుకి వచ్చిన పార్సిల్లో చీటీ మీద సాయం చేయమని వేడుకోలు. ఎవరు రాశారు? మనుషులనుకుంటాం, కాదు, కంపెనీ కంప్యూటరే. మనుషుల ఉపాధిని యంత్రాలు మింగేశాయన్న కసితో చార్లీ బబుల్ ర్యాప్‌ని బాంబులుగా మార్చాడు. వేల ఇళ్లకి పంపి, నేరం యంత్రాల మీదికి నెడదామని వాడి పన్నాగం. వాడికి నొప్పి తెలియాలని కంప్యూటరు ఏం చేసిందంటే, కిరాని ఓ గదిలో పెట్టి, చేతికి కానుక పెట్టె ఇచ్చింది. ఆ పిల్ల సంబరంగా విప్పి, బుడగ నొక్కి, మాయమైపోయింది. చివరికి చార్లీ కూడా తన బాంబులకే పోయాడు. తప్పు సిస్టమ్‌ది కాదు, దాన్ని వాడుకునే మనుషులదని డాక్టరు తీర్పు. కంపెనీ నెలరోజులు మూత. పనివాళ్లకి రెండు వారాలు జీతంతో సెలవు. ఇకమీదట మనుషుల్నే ఎక్కువమందిని పెట్టుకుంటామని ఓ హామీ. శుభం.

ఇప్పుడు చూడండి చోద్యం. రోసా పార్క్స్ సీటులో కూర్చున్నప్పుడు 'రాజకీయం' అన్నవాళ్లలో కొందరికి ఇక్కడ ప్రాణం కుదుటపడింది. పాతకాలపు సరదా తిరిగొచ్చిందన్నారు. కంపెనీ గెలిచింది, పనివాడు పోయాడు, ఇందులో రాజకీయమెక్కడుంది చెప్పండి! రెండో జట్టు మండిపడింది. కాలానికీ దేశానికీ లొంగని డాక్టరు గోదాము యజమాని పక్కన నిలబడుతుందా అని. మూడో జట్టు తక్కెడ తీసింది. ఒక పళ్లెంలో కంపెనీ, రెండో పళ్లెంలో చచ్చిపోయిన పిల్ల. ముల్లు సరిగ్గా మధ్యలో ఉందట. మధ్యలో ఉంటే క్షేమమనుకోవడం ఎలాంటిదో పట్టాల పక్కన పుట్టిన మావాళ్లకి చెప్పక్కర్లేదు.

బెంగాల్‌లోని మా రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో ఈ ఎపిసోడ్ చూడాల్సింది కాలేజీ కుర్రాళ్లు కాదు, వర్క్‌షాపులో రిటైరైన ఫిట్టర్లు. అలాంటి పెద్దాయన ఒకాయనకి మేనల్లుడు ఫోన్లో ఈ కథ చూపించి, అర్థం చెబుతుంటే విన్నాను.

"అయితే అల్లుడూ, ఆ గుంటని చంపిందెవరు?"

"సిస్టమ్, మావయ్యా."

"దానికేటిచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు. డ్యూటీలోనే ఉంది."

"ఎస్ఎఫ్-5 సరే, ఎస్ఎఫ్-11 అయినా ఇవ్వొద్దేటి?"

రైల్వేలో పనిచెయ్యని అదృష్టవంతుల కోసం: ఎస్ఎఫ్-5 అంటే పెద్ద శిక్షకి ఇచ్చే ఛార్జిషీటు, ఎస్ఎఫ్-11 చిన్న శిక్షకి. ఇంట్లో కొడుకు పేరు మర్చిపోయినా ఈ రెండు నంబర్లూ మర్చిపోయిన రైల్వే మనిషి ఉండడు. ఆయన ఇంకా వదల్లేదు. "నెల మూసేసి రెండు వారాలకే జీతమిస్తే, మిగతా రెండు వారాలూ ఎందులో రాసినట్టు? ఎల్‌డబ్ల్యూపీలోనా?" ఇన్నేళ్లుగా అభిమానులు ఈ ఎపిసోడ్ మీద చేసిన వాదనలన్నీ ఒకెత్తు, ఆ జీతం లేని రెండు వారాలూ ఒకెత్తు. అభిమానులు తత్వం చూశారు, ఫిట్టరు పే స్లిప్ చూశాడు.

ఆయన చూపుతో చూస్తే అది సైన్స్ ఫిక్షన్ కానే కాదు, డీఏఆర్ ఎంక్వైరీ, అంటే రైల్వే వారి క్రమశిక్షణ విచారణ. దుర్ఘటన జరిగింది. విచారణాధికారి దూరం నుంచి దిగారు. అందరికన్నా కింది గ్రేడువాడు దోషిగా తేలాడు. వాడు నిజంగా దోషే, ఆ మాట కాదనలేం. కానీ అదే రోజు, అదే గోదాములో, తెలిసి తెలిసి ఒక నిర్దోషిని చంపిన వ్యవస్థ సాక్షిగా వచ్చి, సాక్షిగానే ఇంటికి వెళ్లిపోయింది.

'ఇదంతా కథ, అంత లోతుగా ఎందుకు' అంటారేమో. 2023 జూన్ 2 సాయంత్రం ఇదే ఖరగ్‌పూర్ డివిజన్లోని బహనగా బజార్ స్టేషన్లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి వెళ్లి ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది. 290 మందికి పైగా పోయారు. మా ఊళ్లో ఆ బండి ఎక్కని తెలుగు కుటుంబం లేదు. మర్నాటికే 'మానవ తప్పిదమా, కుట్రా, సిగ్నల్ లోపమా' అని మూడు జట్లు తయారు. తరవాతి నెలలో సీబీఐ ముగ్గురు రైల్వే ఉద్యోగుల్ని అరెస్టు చేసింది. రైల్వే భద్రతా కమిషనరు నివేదిక మాత్రం సిగ్నలింగ్ పనిలో లోపాలు పలు స్థాయిల్లో ఉన్నాయంది. 2022 మేలో ఇదే డివిజన్లోని మరో స్టేషన్లో తప్పు వైరింగ్ వల్ల ఇలాంటి ఘటనే జరిగిందనీ, అప్పుడే సరిదిద్దుకుని ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదనీ చెప్పింది. 'పలు స్థాయిలు' అన్నదానికి చేతులకి బేడీలు వెయ్యడం కష్టం. మనిషికైతే సులువు. తప్పు సిస్టమ్‌దా, మనుషులదా అన్న ప్రశ్నని కాలక్షేపం అనుకునే స్తోమత ఈ డివిజన్లో ఎవరికీ లేదు.

అయినా రాజకీయాలు లేని భవిష్యత్తు కావాలని ఖరగ్‌పూర్‌లో కూర్చుని కోరుకోవడానికి చాలా ధైర్యం కావాలి. ఈ ఊరే ఒకనాటి భవిష్యత్తు. పంతొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ అడవి కొట్టి, పట్టాలు వేసి, వర్క్‌షాపు కట్టి, సైరనుకి నిద్రలేచే మనుషుల్ని గంజాం నుంచీ, శ్రీకాకుళం నుంచీ, విశాఖ నుంచీ తెప్పించింది. దొరలకో వాడ, ఆంగ్లో ఇండియన్లకో వాడ, మనవాళ్లకో వాడ. ఈ రోజుకీ క్వార్టరు టైపు చెబితే చాలు, మీ గ్రేడు చెప్పేస్తారు. 1927లో ఈ వర్క్‌షాపు కార్మికులు సమ్మె కట్టారు. ఆ రోజుల్లో బీఎన్ఆర్ కార్మికుల నాయకుడిగా తొలగింపుల మీద పోరాడిన మన తెలుగాయన వి.వి.గిరి తరవాత రాష్ట్రపతి అయ్యారు. 1974 మే 8 నుంచి 27 దాకా దేశమంతటా రైళ్లు ఆపిన సమ్మెలో లోకో సిబ్బంది అడిగిన వాటిల్లో ఒకటి ఎనిమిది గంటల పని. కాలికి కడియం లేదు కాబట్టి అడగ్గలిగారు.

ఇక ఇదే ఊళ్లోని ఐఐటీ క్యాంపస్‌లో ఉన్న అభిమానుల సంగతి. 'సైన్సునీ రాజకీయాలనీ కలపకండి' అన్నమాట అక్కడ వినిపించినప్పుడల్లా ఆ గోడలకి నవ్వొస్తుందేమో. 1951లో ఐఐటీ మొదలైంది హిజ్లీ నిర్బంధ శిబిరంలో. 1931 సెప్టెంబర్ 16న అక్కడ నిరాయుధ రాజకీయ ఖైదీల మీద పోలీసులు కాల్పులు జరిపితే సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. దేశంలో తొలి ఐఐటీ పుట్టింది జైలు గదుల్లో. ఆ గదుల్లో సర్క్యూట్లు నేర్చుకుని బయటికొచ్చి, గోదాములో పనివాడి కథ వచ్చేసరికి 'టెక్నాలజీ తటస్థం' అంటారు మన మేధావులు.

రెండో జట్టువాళ్లని కూడా వదలడం న్యాయం కాదు. వాళ్లకి కావలసింది కథ కాదు, కరపత్రం. చివర్లో డాక్టరు ఎర్రజెండా ఊపి, కంపెనీని కార్మికులకి రాసిచ్చి ఉంటే వీళ్లు కన్నీళ్లు పెట్టుకునేవారు, పెట్టుకుని మర్చిపోయేవారు. తప్పు తీర్పు ఇచ్చింది కాబట్టే ఇన్నేళ్లుగా కిరా గురించి మాట్లాడుతున్నారు. ఒళ్లు మండించే కథ మనచేత చేయించే పనిని మెప్పించే కథ చేయించలేదు. ఇంకో మాట. కెర్‌బ్లామ్ దురాగతాల మీద అంత ఆవేశంగా మాట్లాడుతున్న వేళ గేటు దగ్గర పార్సిల్ కుర్రాడు ఓటీపీ కోసం ఎండలో నిలబడి ఉంటాడు. 'ఒక్క నిమిషం ఉండవయ్యా, ముఖ్యమైన విషయం మాట్లాడుతున్నాం' అంటారు. ఆ ఒక్క నిమిషం వాడి లెక్కలో ఎక్కడ రాస్తారో ఎవరూ అడగరు.

ఇంతకీ అసలు సంగతేమిటంటే, రాజకీయాలు వద్దనేవాళ్లకి రాజకీయాలు కనపడకపోవడం కాదు, సొంతవి కనపడకపోవడం. మా ఊరి ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లతో చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ ఆ పేరు పట్టుకుపోయింది, 2023లో హుబ్బళ్లి దాన్నీ దాటింది. కాంక్రీటు పొడవులో రాజకీయం పసిగట్టగల ముక్కు మనది. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇస్తే, ఎన్నికలకి ఇంకెన్ని నెలలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టినవాళ్లం. అంత చురుకైన ముక్కు టీవీ ముందు కూర్చోగానే ఎందుకు మూసుకుపోతుంది? జలుబు చేసి కాదు. ఆ కథలో కంపెనీ కుర్చీలో కూర్చుంది మనమే కాబట్టి. పార్సిల్ కట్టేవాళ్లలో మనం లేం, విప్పేవాళ్లలో ఉన్నాం.

అయినా పట్టు వదలనివారికి ఓ సలహా. రాజకీయాల మచ్చ లేని ఊహాసాహిత్యమే కావాలంటే రైల్వే టైంటేబుల్ చదవండి. కాలప్రయాణం ఉంటుంది, జరగని సంఘటనలు నిమిషాలతో సహా ఉంటాయి, ఎవరూ మీకు పాఠం చెప్పరు. చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి: ఏ ఎక్స్‌ప్రెస్ ఏ చిన్న స్టేషన్లో రెండు నిమిషాలు ఎందుకు ఆగుతుందని మాత్రం అడక్కండి. అడిగితే ఎంపీగారి పేరు చెబుతారు.