తాబేటి మాస్టారు

ఈయన అనంతసాగరంలోనూ ఉంటారు, ఆత్మకూరులోనూ ఉంటారు, ఉదయగిరి బస్సులో మీ పక్క సీట్లోనూ కూర్చుంటారు. రిటైరై ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. ఒళ్లో గాజు జాడీ, అందులో ఎర్ర రిబ్బను కట్టిన ఏడు పచ్చటి కాడలు. బస్సు గుంతలో పడి లేచినప్పుడల్లా ముందు కమ్మీ పట్టుకోవాల్సిన చేతులు జాడీని పట్టుకుంటాయి.

మా వీధి మాస్టారినే తీసుకుందాం. ఏంది సార్ అది అంటే, "లక్కీ బ్యాంబూ అబ్బయా, ఏడు కాడలది. ఆరోగ్యానికి" అన్నారు. మూడుకో ఫలం, అయిదుకో ఫలం ఉన్నాయట. నాలుగు కాడలు మాత్రం పనికిరావు. నాలుగంటే చైనావాళ్లకు చావు గుర్తొస్తుంది. పెన్నా ఒడ్డున పుట్టి పెరిగిన మాస్టారికి చైనావాళ్ల భయం ఎట్టా అంటుకుందో!

నిజానికి అది వెదురే కాదు. డ్రసీనా అనే మొక్క, పుట్టిల్లు ఆఫ్రికాలో కామెరూన్ వైపు. వెదురేమో గడ్డి జాతి. రెండింటికీ వేలువిడిచిన చుట్టరికం కూడా లేదు. ఈ సంగతి చెబితే మాస్టారు నన్ను జాలిగా చూసి, "షాపులో బోర్డు మీదే రాశారు కదబ్బయా" అన్నారు.

మా మెట్ట ప్రాంతపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఉదయగిరి వైపు జనాల పళ్లూ మోకాళ్లూ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. మాస్టారు పట్టించుకోలేదు. జాడీలో ఆకుల చివర్లు ఎండేసరికి పట్టించుకున్నారు. డ్రసీనాకు ఫ్లోరైడ్ పడదు మరి. ఆ రోజే ఇంటికి ఇరవై లీటర్ల క్యాను వచ్చింది. ఇప్పుడు ఇంటిల్లిపాదీ మంచినీళ్లే తాగుతున్నారు, మొక్క తాగాక.

తర్వాత ఉత్తరం దిక్కున పళ్లెంలో నీళ్లు, నీళ్లలో ఇత్తడి తాబేలు. నెల తిరిగినా పెన్షన్ పెరగలేదు. ఇత్తడిదానికి ప్రాణం లేకపోవడమే లోపమని తేల్చుకుని, నెల్లూరు పోయి చెవి దగ్గర ఎర్ర చార ఉన్న బుల్లి తాబేలును తెచ్చారు. దాని సొంతూరు అమెరికాలో మిసిసిపీ నది.

ఇక్కడ మాస్టారి అమ్మగారిని పరిచయం చెయ్యాలి. అవ్వకు తెలిసినంతలో తాబేలు జొరబడిన ఇల్లూ, జప్తుకొచ్చే కోర్టు అమీనా జొరబడిన ఇల్లూ బాగుపడవు. వెదురంటే చేట, గంప, నిచ్చెన, చివరికి పాడె. అవి రెండూ డబ్బు పోసి కొడుకు ఇంట్లోకి తెచ్చాడు. అవ్వ కళ్లజోడు సర్దుకుని ఒకటే అడిగింది: "పాడె కర్రలు తెచ్చావు, తాబేలును తెచ్చావు. అమీనాకు కూడా కబురు పెట్టావా నాయనా?"

మాస్టారు వినిపించుకోలేదు. పెద్దవాళ్లు చీపురు పెట్టి తరిమినవాటిని బిల్లు కట్టి తెచ్చుకోవడంలోనే ఈ జాతి మనుషుల ప్రతిభంతా ఉంది.

వచ్చేటప్పుడు అయిదు రూపాయల బిళ్లంత ఉన్న తాబేలు జానెడు దాటింది. అడుగు దాకా పెరుగుతుందని, ముప్పై ఏళ్లయినా బతుకుతుందని తెలిశాక మాస్టారు తన వయసుకు ముప్పై కలిపి చూసుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "78 టీఎంసీల సోమశిలలో ఒక్క తాబేలు ఎక్కువైపోద్దా?" అన్నారు. ఎక్కువే. ఈ రకం ఎక్కడ వదిలితే అక్కడి తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. ప్రపంచంలో చాలా దేశాలు దీంతో తలపట్టుకున్నాయి. అందుకని అది ఇంకా స్నానాలగదిలోనే ఉంది. అల్లుడొస్తే పెరట్లో పోసుకుంటున్నాడు.

ఇంతలో ఒక గొర్రెల కాపరి తుప్పల్లో దొరికిందని నక్షత్ర తాబేలును పట్టుకొచ్చాడు. వీపంతా పసుపు చారల చుక్కలు. మాస్టారి కళ్లు మెరిశాయి. ఇది మన నేలదే గానీ ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరమని చెప్పాను.

"శ్రీకూర్మం గుళ్లో ఉండలా?"

"అక్కడ దేవుడే కూర్మం సార్. మీరు సోషల్ మాస్టారు."

2022 సవరణతో అది మొదటి షెడ్యూల్లోకి ఎక్కిందని, శిక్ష 3 నుంచి 7 ఏళ్లని కూడా చెప్పేసరికి మాస్టారు అరుగు మీద చతికిలబడ్డారు. లోపల్నుంచి అవ్వ గొంతు ఖంగుమంది: "చెప్పలా నేను, దాని వెనకాలే అమీనా వస్తాడని!" కాపరి తాబేలును దొరికిన తుప్పల్లోనే వదలడానికి వెనక్కి తిరిగాడు. పోతూ పోతూ బస్సు చార్జీ అడిగి పుచ్చుకున్నాడు.

ఇప్పుడు మాస్టారు అదృష్టాన్ని పంచే పనిలో ఉన్నారు. ఎవరి గృహప్రవేశమైనా ఇత్తడి తాబేలు, రిబ్బను కాడలు చదివిస్తున్నారు. పుచ్చుకున్నవాళ్లు ఇంకొకరి గృహప్రవేశానికి చదివిస్తున్నారు. మొన్న ఆత్మకూరులో మాస్టారి కూతురు కొత్తింట్లో పాలు పొంగించింది. వచ్చిన కానుకల్లో తాబేళ్లే నాలుగు. నాలుగు పనికిరాదు కాబట్టి మాస్టారు అప్పటికప్పుడు బజారుకు పోయి అయిదోది కొనుక్కొచ్చారు.