ఒక ముంపు అర్జీకి టీకా తాత్పర్యం

మూలం

అయ్యా, మొన్న గోదారొచ్చినప్పుడు మా ఇంట్లోకి నీళ్లొచ్చి సామానంతా పాడైపోయింది. తమరు దయ చూపించవలెను. ఇట్లు, తమ విధేయుడు.

అవతారిక

రావులపాలెం గృహస్థుడొకరు బీమా కంపెనీవారికి రాసుకున్న అర్జీ ఇది. గ్రంథం చిన్నది, గ్రంథకర్త ప్రసిద్ధుడు కాడు. అయినా వ్యాఖ్య కావలసి వచ్చింది, ఎందుకంటే కంపెనీవారికి ఇది అర్థం కాలేదు. రావులపాలెంలో ఎవరికి చదివి వినిపించినా అర్థమైంది.

మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని రాస్తూ మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మేము ఆ ఒట్టు పెట్టుకోలేం. ఈ మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ, కంపెనీవారు అడిగేదీ లేనిదాన్నే.

దేశం చెప్పడం వ్యాఖ్యాత ధర్మం గనక చెబుతున్నాం. జొన్నాడ దగ్గర వంతెనెక్కి గౌతమి దాటి దిగితే రావులపాలెం. కోనసీమకు గుమ్మం, అరటి గెలలకు పెద్ద మార్కెట్టు. ఇక శాస్త్రం. ఇంటి బీమాకు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే పాఠాన్ని అన్ని కంపెనీలూ అమ్మాలని నియంత్రణ సంస్థ శాసించింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. కాబట్టి పాఠభేదాల బెడద లేదు. చదివినవాళ్లు లేరన్నదొక్కటే కొరత.

అయ్యా

పాలసీ నంబరు ఉండవలసిన చోట ఈ పదం ఉంది. ఇంతకంటే వ్యాఖ్య అనవసరం.

మొన్న

నిన్నటికి ముందురోజు అని నిఘంటువు. గోదావరి జిల్లాల్లో దీని వ్యాప్తి ఎక్కువ. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన 1986 ఆగస్టును చూసినవారు ఇప్పటికీ "మొన్న ఎనభయ్యారులో" అనే మొదలుపెడతారు. 25 లక్షలు దాటిన 2022 జూలై కూడా మొన్నే. గ్రంథకర్త ఉద్దేశించిన మొన్న ఏదో మూలంలో ఆధారం లేదు.

సర్వేయరుకు తేదీ కావాలి, వీలైతే గంట కూడా. పాలసీ మొదలైన రోజుకూ ముగిసే రోజుకూ మధ్యనే నీరు గడప దాటి ఉండాలి. ఈ విషయంలో గోదావరి గృహస్థుకు ఒక సుఖం ఉంది. ఆయన ఇంటికి వచ్చే నీటిని ముందుగా ప్రభుత్వమే లెక్క రాసి పెడుతుంది. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మర్నాటి పేపర్లో పడ్డ ఆ ముక్కను కత్తిరించి అర్జీకి అతికిస్తే 'మొన్న'కు ప్రమాణం దొరికినట్టే. స్నానాలగదిలో పైపు పగిలినవాడికి ఈ భాగ్యం లేదు. అతని పైపు మీద ఏ బులెటినూ రాదు.

గోదారొచ్చినప్పుడు, నీళ్లొచ్చి

ఈ రెంటినీ కలిపి వ్యాఖ్యానించాలి, ఎందుకంటే మొత్తం డబ్బు వీటి అన్వయం మీదే ఆధారపడి ఉంది.

'నీళ్లొచ్చాయి' అన్నప్పుడు నీళ్లే కర్త అని బడిలో చెప్పారు. బీమా శాస్త్రం దీన్ని ఒప్పుకోదు. అక్కడ నీరు కర్త కాదు, వట్టి కరణం. దాన్ని తెచ్చినవాడెవడు, ఏ దారిన తెచ్చాడు అన్నది తేలేదాకా వాక్యం పూర్తి కాదు. తడిసిన గోడ ఒకటే, తడి ఒకటే, మంచం కోడు ఉబ్బడమూ ఒకటే. కర్త మారితే మాత్రం ఫలం మారుతుంది.

నది పొంగి గుమ్మంలోంచి వస్తే వరద, ముంపు: చెల్లుతుంది. గాలివానకు పెంకులు లేచిపోయి పైనుంచి పడితే తుఫాను: చెల్లుతుంది. మేడ మీద ట్యాంకు పగిలినా, మోటారు కట్టడం మరిచి అది పొర్లినా, గోడలోని పైపు పగిలినా శాస్త్రంలో వాటికి వేరే పంక్తే ఉంది. కానీ శ్లాబు నెర్రెల్లోంచి నాలుగు వానాకాలాలుగా కారుతున్న చెమ్మకు కర్త ఎవరూ దొరకరు, మేస్త్రీ తప్ప. మేస్త్రీ బీమా చేసిన ప్రమాదాల జాబితాలో లేడు.

పూర్వపక్షం: గ్రంథకర్త ఇల్లు ఏటిగట్టుకు లోపల ఉంది. గట్టు తెగలేదు. నీరు గుమ్మంలోంచి రాలేదు, గచ్చు పగుళ్లలోంచి ఊరింది. అది ఊట, వరద కాదు. ఊట అనే పదం పాలసీలో లేదు. కనుక చెల్లదు.

సిద్ధాంతం: ఊట తనంత తానుగా ఊరలేదు. గట్టుకు అవతల నది గచ్చు మట్టం మించి నిలబడినన్నాళ్లే ఊరింది, నది తీయగానే తగ్గింది. ఉంటే ఉండి, లేకపోతే లేకపోయేదాన్నే కదా తార్కికులు కారణమంటారు. బీమావారి శాస్త్రంలోనూ సమీప కారణమనే సూత్రం ఉంది. నష్టానికి మొదటి తోపు ఎవరిదో, మధ్యలో గొలుసు తెగిందో లేదో చూడమంటుంది అది. ఇక్కడ గొలుసు తెగలేదు. కనుక వాదించవలసిందే. గెలుపు మాత్రం సర్వేయరు రాసే ఒక్క పదం మీద ఉంది. ఆయన 'ఊట' అని రాసుకుపోయాక న్యాయశాస్త్రం వల్లించి లాభం లేదు. ఆయన పక్కనే నిలబడి, పెరట్లో నిలిచిన నీళ్లు, డ్రెయిను ఎదురుతన్నిన ఆనవాలు, ఇరుగు పొరుగు గోడల మీద అదే ఎత్తున ఉన్న గీత చూపించాలి.

ఇంతకంటే కష్టమైన సంగతి ఒకటుంది. ఇంటికింద నేల కుంగితే ఇస్తామన్న వాక్యం పక్కనే, నదీ కోత వల్ల కుంగితే ఇవ్వమని ఉంది. ఒడ్డు విరిగి కొబ్బరి చెట్లతో సహా ఏట్లో పడడం లంకల్లో పుట్టినవాడికి కొత్త కాదు. ముంచిన గోదావరికి డబ్బు వస్తుంది, కోసిన గోదావరికి రాదు. రెండూ ఒకే వారంలో ఒకే నది చేసిన పనులే. ఈ భేదాన్ని లంక రైతుకు వివరించగల వ్యాఖ్యాత ఇంకా పుట్టలేదు, మేమూ ప్రయత్నించం. పల్లపు స్థలాన్ని మట్టి తోలి మెరక చేసి కట్టుకున్నవారికీ ఇదే పేచీ: పోసిన మట్టి సర్దుకుని గోడ నెరిస్తే అది ప్రమాదం కాదు.

మా ఇంట్లోకి

లోకంలో ఇల్లంటే నాలుగు గోడలు. శాస్త్రంలో ఇల్లు పెద్దది: వసారా, ప్రహరీ, గేటు, సెప్టిక్ ట్యాంకు, మేడ మీది నీళ్ల ట్యాంకు, సోలారు పలకలు కూడా ఇల్లే. గ్రంథకర్త కూలిన ప్రహరీని అర్జీలో ప్రస్తావించనే లేదు. అది ఇంటి బయట ఉందనుకున్నాడు. ఇది గ్రంథంలోని మహాదోషాల్లో రెండోది. మొదటిది చివర వస్తుంది.

ఇంటి విలువ దగ్గర మాత్రం శాస్త్రం లోకం కంటే చిన్నది. స్థలం ధర కలపకూడదు. హైవే పక్క సెంటు ఎంత పలికినా బీమాకు లెక్క కట్టేది మళ్లీ కట్టడానికయ్యే ఖర్చే. నేలకు బీమా లేదు. అందుకే కాబోలు నది దాన్ని పట్టుకుపోతే ఎవరూ పలకరు.

సామానంతా

'అంతా' అన్నది అతిశయోక్తి అలంకారం. ఇల్లు ఎంతకు బీమా చేశారో దానిలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయలు సామానుకు దానంతటదే వర్తిస్తుంది. 30 లక్షల ఇంటికి 6 లక్షలన్నమాట. మంచాలు, బీరువా, ఫ్రిజ్, పరుపులు, గ్రైండరు ఇందులోకి వస్తాయి. నగలకు, వెండికి విడిగా రాయించుకోవాలి. నోట్లు, కాగితాలు, పాసుపుస్తకాలు రావు. మోటారు సైకిలు రాదు, దాని పాలసీ దానికుంది. పెరటి గదిలో మర్నాటి మార్కెట్టు కోసం పేర్చిన అరటి గెలలు గృహోపకరణాలు కావు, సరుకు. వాటికి వ్యాపార బీమా వేరే ఉండాలి.

రాతప్రతులకు కూడా రక్షణ లేదని శాస్త్రం స్పష్టంగా చెబుతోంది. ఈ వ్యాఖ్యను పాఠకులు అటక మీద దాచుకోగలరు.

ఆవకాయ జాడీల సంగతి శాస్త్రంలో ఎక్కడా లేదు. వరద జూలై, ఆగస్టుల్లో వస్తుంది, ఆవకాయ మే నెలలో పెడతారు. అంటే ఏడాది సరుకు నిండుగా ఉన్నప్పుడే గోదారి వస్తుంది. జాడీకి ధర కట్టారుగానీ లోపలిదానికి సర్వేయరు కలం కదలలేదు. మామిడికాయల బిల్లు అడిగాడట.

పాడైపోయింది

నష్టం తెలియజేయడానికీ, నష్టం కనబడడానికీ తేడా ఉంది. కంపెనీకి వెంటనే కబురు చెయ్యాలి, సర్వేయరు వచ్చేదాకా పాడైన వస్తువుల్ని పారెయ్యకూడదు. అదే సమయంలో నష్టం పెరగకుండా చూసుకోవలసిన బాధ్యత కూడా గృహస్థుదే. ఈ రెండు విధులకూ సరిగ్గా మధ్యలో ఇల్లాలు నిలబడి ఉంటుంది, చీపురుతో.

"నీటి గీత ఏదండీ?"

"కడిగేశామండి, ఆయ్. వరలక్ష్మీ వ్రతం వచ్చేత్తంది కదండీ."

తెలుగిళ్లలో శ్రావణమాసానికీ బీమా శాస్త్రానికీ ఉన్న విరోధం ఇది. సమన్వయం ఒక్కటే: ముందు ఫోను, తరవాత చీపురు. గోడ మీద గీత పక్కన కొలత టేపు పట్టి ఫోటో, గది గదికీ వీడియో, ప్రతి వస్తువుకూ విడిగా ఫోటో. ఆపైన ఎంతైనా కడుక్కోవచ్చు. తడిసిన ఫ్రిజ్‌ను పని చేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టకూడదు, ఎలక్ట్రీషియను చూసేదాకా మెయిను కూడా ఎయ్యకూడదు. బిల్లులు గోదాట్లో కలిస్తే కొన్న కొట్టులో నకలు అడగాలి, లేదా బ్యాంకు స్టేట్‌మెంటు తియ్యాలి.

కాలనియమం: కబురందిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి, ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. 2024లో నియంత్రణ సంస్థ పెట్టిన గడువులివి. మోకాలి లోతు నీళ్లున్న వీధికి 24 గంటల్లో ఎవరొచ్చినా నాటు పడవలోనే రావాలి. నియామకానికి గడువుంది, పడవకు లేదు.

నీరు పోయాక మిగిలే ఒండ్రు విశేషం. చేలో పడితే దాన్ని ఎరువంటారు. హాల్లో పడితే ఎత్తిపోయించాలి. శిథిలాల తొలగింపుకు శాస్త్రం ఇచ్చేది క్లెయిములో 2 శాతం.

తమరు దయ చూపించవలెను

ఈ వాక్యం వేరే అర్జీలోంచి వచ్చి పడింది. తహసీల్దారు ఆఫీసులో ముంపు బాధితుల జాబితాకు ఇది తగుతుంది. అక్కడ బియ్యమూ కందిపప్పూ దయతో ఇస్తారు. బీమా దయ కాదు, ఏటా కట్టిన సొమ్ముకు బదులు.

పాతకాలంలో నిజంగానే దయ అవసరమయ్యేది. 40 లక్షల ఇంటిని 20 లక్షలకే బీమా చేయిస్తే, తక్కువకు చేయించావు గనక నష్టంలో సగమే ఇస్తామనేవారు. గృహ రక్షలో ఇంటికి ఆ కోత తీసేశారు. ఈ సంగతి తెలియని ఏజెంట్లు ఇంకా ఆ పాత పాఠమే చెబుతున్నారు.

దయ చూపకపోతే ఏం చెయ్యాలో గ్రంథకర్త రాయలేదు. మొదట కంపెనీలోనే ఫిర్యాదు చెయ్యాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. మన రాష్ట్రం, తెలంగాణ, పక్కనున్న యానాం, అన్నీ ఆయన పరిధే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, రావడానికీ వీల్లేదు. 50 లక్షల దాకా ఇప్పించగలడు. ఏడాది దాటనివ్వకూడదు. ఇక్కడ 'మొన్న' పనికిరాదు.

ఇట్లు, తమ విధేయుడు

మహాదోషం ఇదీ. సంతకం గ్రంథకర్తది, ఆ ఇంటి పెద్దకొడుకుది. ఇంట్లో ఉండేది ఆయన, సామాను మేడెక్కించింది ఆయన, నీళ్లలో నిలబడింది ఆయన. పాలసీ మాత్రం హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న తమ్ముడి పేర ఉంది. ఇంటి అప్పు తమ్ముడు తీసుకున్నాడు, అప్పుతోపాటే బ్యాంకువారు ప్రీమియం పట్టుకుని పాలసీ రాశారు. డబ్బు వచ్చినా ముందు బ్యాంకు చెయ్యి దాటి రావాలి. కనుక కంపెనీవారి జవాబులో దయ ప్రస్తావన లేదు, నీటి ప్రస్తావన లేదు. మీరెవరు అని మాత్రం ఉంది.

గ్రంథకర్త తమ్ముడికి ఫోను చేసి, పాలసీ కాగితం పంపమన్నాడు.

"ఏం పాలసీ, అన్నయ్యా?"