ఈకా తాత్పర్యం

గుడ్డు నుడికించి పెంకొల్చి కోసి రెండు
చెక్కలుగఁ జేసి సొనయెల్లఁ జిదిమి మిరియ
మింత గలిపి మరలఁ గూర్చి మీద నల్ల
సాలెపురుగు నాలివుతోడ సంతరించి
బెదరఁగొట్టుచుఁ దినవయ్య పిన్నవాఁడ!
చాకు మాత్రము తల్లిదే, సందియమ్మె!

అవతారిక

అమెరికాలో ఏటా అక్టోబరు 31న హాలోవీన్. ఆ సాయంత్రం పిల్లలు దెయ్యాల వేషాలు కట్టి, సంచులు పట్టుకుని, ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు దండుకుంటారు. ఇంటికొచ్చి వాటిని నేలమీద కుమ్మరించి, లెక్కపెట్టే వంకతో సగం అక్కడే మింగుతారు. ఈ ఉపద్రవాన్ని ముందే పసిగట్టి, టెక్సస్‌లో డాలస్ దాపున ఫ్రిస్కోలో కూతురింటికి వచ్చిన ఒక అమ్మమ్మ, చాక్లెట్లకన్నా ముందు మనవడి కడుపులో కాస్త గట్టి పదార్థం పడాలన్న సంకల్పంతో ఈ పద్యం చెప్పింది. సరుకుల రసీదు వెనక రాసి, ఫ్రిజ్ తలుపుకు వినాయకుడి అయస్కాంతంతో తగిలించిన ఏకైక ప్రతి ఈ వ్యాఖ్యకు ఆధారం. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. ఛందోబద్ధమైన గుడ్డు మీద పీకడం మాత్రం ఇదే మొదలని వ్యాఖ్యాత సవినయంగా మనవి చేసుకుంటున్నాడు.

ఛందస్సు తేటగీతి. నాలుగు పాదాలతో ఆగవలసింది ఆరు పాదాల మాలికగా సాగింది. ఇంట్లో అరడజను గుడ్లే మిగిలి ఉన్నందువల్ల గుడ్డుకొక పాదమని ఒక పక్షం. సందర్శక వీసా మీద ఆరు నెలలు ఉండనిచ్చారు గనుక నెలకొక పాదమని ఇంకో పక్షం. అమ్మమ్మనే అడిగితే, "చాకు సంగతి చెప్పకుండా ఎట్లా ఆపమంటావు నాయనా?" అంది. మూడోదే సబబుగా ఉంది.

ప్రతిపదార్థం

గుడ్డున్ = కోడిగుడ్డును. ఎలాంటి గుడ్డును? తాజాదానిని అని తొందరపడేవారు వంటింటి శాస్త్రం చదవనివారు. ఫ్రిజ్‌లో వారం పదిరోజులు ఉన్నదైతేనే పెంకు సుళువుగా వస్తుంది. గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ తెల్లసొనలోని కార్బన్ డయాక్సైడ్ వాటిగుండా బయటికి పోతుంది, తెల్లసొనకు క్షారగుణం పెరుగుతుంది, లోపలి పొర పట్టు వదులుతుంది. తాజా గుడ్డును ఒలిస్తే పెంకుతోపాటు సగం తెల్లసొన ఊడొచ్చి చంద్రుడి ముఖంలా గుంటలు పడుతుంది.

ఉడికించి = మరుగుతున్న నీళ్లలోకి గరిటెతో మెల్లగా దించి, పది పన్నెండు నిమిషాలు ఉంచి, వెంటనే ఐసునీళ్లలో వేసి. ఫోనులో మాట్లాడుతూ పొయ్యి మీదే మరో పావుగంట వదిలేస్తే పచ్చసొన చుట్టూ బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ వలయం పడుతుంది. పచ్చసొనలోని ఇనుముతో తెల్లసొనలోంచి వచ్చిన గంధకం కలవడమే దీనికి కారణం. తినడానికి ప్రమాదం లేదు. మామూలు రోజుల్లో ఇది వంటమనిషి దోషం. హాలోవీన్‌నాడు ఇదే శ్మశానశోభ. దోషం గుణంగా మారే తిథి ఏడాదికి ఇదొక్కటే.

పెంకొల్చి = వెడల్పు వైపు గాలి తిత్తి ఉంటుంది గనుక అక్కడ బల్లకు కొట్టి, అక్కణ్నుంచి మొదలుపెట్టి ఒలిచి. ఈ పని పిల్లలదే. పెంకు ముక్కలు సోఫా కిందికి చేరడం ఇందులో అంతర్భాగమని గ్రహించాలి. కావ్యపాకాలలో దీన్ని నారికేళపాకం కింద చెప్పుకోవాలి. పెంకు పగలగొట్టుకున్నవాడికే లోపలిది దక్కుతుంది.

సొనయెల్లఁ జిదిమి = పచ్చసొనను మాత్రమే పూర్తిగా మెదిపి. ఎట్లా మెదపాలో కవయిత్రి చెప్పలేదు, సంప్రదాయం చెబుతోంది. జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచిలో సొన వేసి, గాలి తీసి, మూసి, పిల్లాడి చేతికిస్తే పావుగంట ఇంట్లో మాట వినపడదు. మెత్తగా అయ్యాక సంచి మూల కత్తిరిస్తే కేకు మీద క్రీము పిండినట్టు సొనను తిరిగి గుంటలో పిండుకోవచ్చు. "మరలఁ గూర్చి" అన్నదానికి అర్థం ఇదే.

ఇక్కడొక చిక్కు. ఉడికిన సొన పొడిపొడిగా రాలుతుంది, ఉత్త మిరియంతో ముద్ద కాదు. అమెరికావాళ్లు ఇందులో మయొనైజ్, ఆవపిండి కలిపి పైన మిరపపొడి చల్లుతారు. వాళ్ల విందుల్లో ఇది పాత వంటకమే. అమ్మమ్మకు మయొనైజ్ వాసన గిట్టదు. కాబట్టి ఇక్కడ "గట్టిపెరుగుతో" అన్న మాటను అధ్యాహారం చేసుకోవాలి. గుడ్డుకు ఒక చెంచా చాలు.

మరి ఉప్పేదీ? పద్యమంతా గాలించినా ఉప్పు లేదు. కవయిత్రి మరిచిపోయిందని అల్లుడుగారి ఆక్షేపణ. ఆయన ఆలివు డబ్బా వెనక అట్ట చదివి ఉంటే నోరెత్తేవారు కాదు. డబ్బాలోని నల్ల ఆలివులు ఉప్పునీటిలో ఊరినవి. సాలెపురుగే ఉప్పు తెస్తున్నప్పుడు మళ్లీ వేయడం పునరుక్తి దోషం.

సాలెపురుగున్ = ఇది ఈ పద్యానికి ప్రాణం, కాబట్టి కొంచెం ఆగుదాం. గింజ తీసిన ఆలివును నిలువుగా రెండు చేయాలి. ఒక సగం బోర్లించితే పురుగు ఒళ్లు. రెండో సగాన్ని అడ్డంగా సన్నగా తరిగితే వంపు తిరిగిన ముక్కలొస్తాయి. అవి కాళ్లు. అమ్మమ్మ మొదటిదానికి అటు మూడు, ఇటు మూడు పెట్టి, బాగుందనుకుని పక్కకు జరిపింది. రెండో తరగతి మనవడు పళ్లెం మీదికి వంగి చూశాడు.

"అమ్మమ్మా, సిక్స్ లెగ్స్ ఉంటే అది ఇన్‌సెక్ట్. స్పైడర్‌కి ఎయిట్!"

"చీమకెన్నిరా?"

"సిక్స్."

"అయితే ఇది చీమనుకో."

"ఇంత లావు చీమ ఉండదు," అని వాడు సొన అంటిన వేలితో ఇంకో రెండు కాళ్లు తోశాడు. తోస్తుంటే ఒకటి విరిగింది. విరిగిన కాలును పారేయలేదు, నోట్లో వేసుకున్నాడు. అంతవరకు పీజ్జా మీద ఆలివు కనిపిస్తే ఏరి పక్కన పెట్టే పిల్లాడు. ఈ ఘట్టాన్ని వ్యాఖ్యాత స్వయంగా చూశాడు.

పద్యంలో ఎనిమిది అన్న సంఖ్య లేకపోవడం కవయిత్రి అజ్ఞానమని విమర్శకులు ఎత్తిపొడవవచ్చు. అది మనవడికి వదిలిన చోటని మా పక్షం. మరీ చిన్నపిల్లలకు, ముఖ్యంగా నాలుగేళ్లు నిండనివారికి, గుండ్రటి ఆలివు గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది గనుక వాళ్ల వాటా సాలెపురుగును ఇంకా చిన్న ముక్కలుగా తరగాలి.

బెదరఁగొట్టుచు = ఎవరిని? ఐర్లండు, స్కాట్లండుల్లో ఈ రాత్రి దుష్టశక్తులను తరమడానికి టర్నిప్ దుంపలను తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అమెరికాకు వలస వచ్చాక అంతకన్నా పెద్దది, తొలవడానికి మెత్తనిది గుమ్మడికాయ దొరికింది. దయ్యాలను బెదిరించడంతో మొదలైన పండుగ ఇప్పుడు పొరుగువాళ్లను బెదిరించే దశకు వచ్చింది. ఇక గుడ్డుకూ ఈ పండుగకూ పాత లెక్క ఒకటుంది. మిఠాయి పెట్టని ఇంటి మీద, కారు మీద పచ్చి గుడ్లు విసరడం అల్లరి పిల్లల ఆచారం. ఎండిన గుడ్డు కారు రంగును పాడుచేస్తుంది. పక్షిజ్వరంతో కోళ్లు పోయి 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6 డాలర్ల 23 సెంట్లకు చేరినప్పుడు, విసిరే ముందు ఎంత అల్లరివాడైనా లెక్క వేసుకోవలసి వచ్చేది. గుడ్డుకు విసరడంకన్నా తినడమే సద్గతి అని ఈ పద్యం ధ్వని.

పిన్నవాఁడ = ఓ చిన్నవాడా. ఆడపిల్లలకూ ఇది ఉపలక్షణం.

చాకు = చాకు. వ్యాఖ్య అనవసరం.

తాత్పర్యం

గుడ్డు ఉడికించి, ఒలిచి, రెండుగా కోసి, సొన మెదిపి, మిరియం కలిపి, మళ్లీ నింపి, పైన ఆలివుతో సాలెపురుగు చేసి, నలుగురినీ హడలగొడుతూ తిను నాయనా అని భావం. ఒక పెద్ద గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 70 కేలరీలు ఉంటాయి. చక్కెర ఉందని చెప్పడానికే లేదు. ఇంత ఉండి కూడా కవయిత్రి "ఆరోగ్యం" అన్న మాట ఆరు పాదాల్లో ఎక్కడా వాడలేదు. ఇదే ఈమె ప్రతిభ. ఆ మాట చెవిన పడిన మరుక్షణం పిల్లాడు కుర్చీ దిగి వెళ్లిపోతాడు. ఒంటికి మంచిదని చెప్పి పెట్టిన గుడ్డును నెలల తరబడి పళ్లెం అంచుకు నెట్టినవాడే, తన చేత్తో కాళ్లు అతికించిన పురుగును తలతో మొదలుపెట్టి తిన్నాడు. సాయంత్రం అయిదింటికి రెండు గుడ్లు లోపల పడినవాడికి చాక్లెట్ల మీద దాడిలో మునుపటి ఊపు ఉండదు.

విశేషాలు

సాలెపురుగు ఉన్నచోట గూడు కూడా ఉండాలనేవారికి ఒక ఉపాయం. ఉడికిన గుడ్డును ఒలవకుండా, పెంకు అంతటా గరిటెతో చిట్లగొట్టి, ఊదారంగు క్యాబేజీ ఉడికించి వడగట్టిన నీళ్లలో ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. మర్నాడు ఒలిస్తే తెల్లసొన మీద నీలి గీతలు గూడులా అల్లుకుని ఉంటాయి. ఊదా నీళ్లలో వేస్తే నీలం ఎందుకొచ్చిందని మనవడు అడుగుతాడు. తెల్లసొన క్షారం, క్యాబేజీ రంగు క్షారం తగిలితే నీలమవుతుంది. చైనావాళ్లు టీ నీళ్లతో ఇలాంటి గుడ్లే చేస్తారు.

చేసినవాటిని రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. వీటిని గుమ్మంలోకి వచ్చిన పిల్లల సంచుల్లో వేయనూరాదు. ముక్కూ మొహం తెలియని ఇంట్లో చేసిన తిండిని అక్కడి తల్లులు చెత్తబుట్టలో పడేస్తారు. మనవడి స్నేహితులు ఇంటికి వస్తే గుడ్డు పడుతుందో లేదో ముందే వాళ్ల అమ్మలను అడగాలి. 2014 నుంచి కొన్ని ఇళ్ల ముందు నీలాకుపచ్చ రంగు గుమ్మడికాయ పెడుతున్నారు. ఆహారపు అలర్జీలున్న పిల్లలకు ఆ ఇంట్లో తిండి కాని కానుకలు ఉన్నాయని దానికి గుర్తు.

ఇక మిగిలింది పూర్వపక్షం. కార్తీకంలో ఉల్లిపాయ కూడా ముట్టని అమ్మమ్మ గుడ్డు మీద పద్యం ఎట్లా చెప్పింది? ఇది ప్రక్షిప్తమని పక్కింటి పిన్నిగారి వాదం. సమాధానం పద్యంలోనే ఉంది. "తినవయ్య" అని మధ్యమపురుష వాడింది, "తిందము" అనలేదు. ఆమె పద్యం చెప్పి, పురుగుకు కాళ్లు పెట్టిందే తప్ప గుడ్డును నోట పెట్టలేదు. అయినా మడి సంగతి వేరు, తిథి సంగతి వేరు. 2024లో అక్టోబరు 31 సాక్షాత్తు దీపావళి. 2025లో అదే తేదీ కార్తీకంలో పడింది. 2026లో దీపావళి నవంబరు 8కి జరిగింది గదా అని ఊపిరి పీల్చుకునేలోపు, ఆ 31వ తేదీ శనివారం అని తేలింది. వెంకటేశ్వరస్వామి వారం.

ఇందుకోసమే ఆ రసీదు అంచున పెన్సిలుతో ఒక పాఠాంతరం ఉంది: "గుడ్డు" బదులు "దుంప". గణం సరిపోతుంది. "కోసి"తో యతి మాత్రం చెడుతుంది. యతి చెడినా నియతి చెడదు గనుక ఈ పాఠం గ్రాహ్యమే. ఉడికిన బంగాళాదుంపను రెండుగా కోసి, మధ్యలో చెంచాతో తొలిచి, తీసినదాన్ని పసుపు, మిరియంతో మెదిపి తిరిగి నింపితే సాలెపురుగుకు తేడా తెలియదు. 2027లో అక్టోబరు 30నే కార్తీకం మొదలవుతుంది. అమెరికాలో ఉన్న పాఠకులు దుంపలు ముందే తెచ్చిపెట్టుకోగలరు.