తాళంచెవి దొరగారికి, తాబేలు విషయమై

మహారాజశ్రీ చెరువులూ, పార్కులూ, వాటి గేట్లూ, ఆ గేట్ల తాళాలూ చూసుకునే దొరగారి దివ్యసముఖానికి, హైదరాబాదులో ఒక చెరువుకట్ట పక్క కాలనీలో కాపురముంటున్న అర్జీదారు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

తమరి ఏలుబడిలో చెరువు కళకళలాడుతోంది. కట్ట మీద వాకింగ్ ట్రాక్ పడింది. మొన్ననే బిగించిన ఆరడుగుల ఎర్ర అక్షరాలు తెల్లవార్లూ వెలుగుతూ, కాలనీకి ఈ చెరువంటే ఎంత ప్రేమో ఇంగ్లీషులో చాటుతున్నాయి. టికెట్టు 10 రూపాయలే. గడ్డి మీద నడవరాదు, బంతి తేరాదు, డబ్బా విప్పి తినరాదు, నీటి దగ్గరికి పోరాదు అని నాలుగు బోర్డులున్నాయి. నాలుగింటినీ అర్జీదారు కుటుంబం శిరసావహిస్తోంది. లోటేమీ లేదు. ఉన్నదల్లా ఒక తాబేలు విషయం.

పోయిన ఆదివారం పొద్దున 8 గంటల 50 నిమిషాలకు అలుగు పక్క బండ మీదికి ఒక తాబేలు ఎక్కబోయింది. ముందు తల వచ్చింది. కాసేపు అటూ ఇటూ చూసి ఒక కాలు బండ మీద వేసింది. ఇంకాసేపటికి రెండోది. అర్జీదారు కూతురు, రెండో తరగతి, కంచెకు ఆనుకుని బొమ్మల పుస్తకంలో గీస్తోంది. మూడు ఆదివారాలుగా ఆ పిల్లకు ఇదే పని. డిప్ప బయటికి రావాలి, దాని మీద గళ్లెన్నో లెక్కపెట్టాలి, ఆ తర్వాతే గీయాలి. ఊహించి గీస్తే టీచరు ఒప్పుకోదట. సరిగ్గా డిప్ప అంచు తేలే వేళకు తమరి ఈల మోగింది. కట్ట మీద జనం ఒక్కసారిగా కదిలారు. తాబేలు బుడుంగున మునిగింది.

“టైమైంది సార్, నడుండ్రి నడుండ్రి.”

“ఇంకో ఐదు నిమిషాలన్నా, పాప బొమ్మేసుకుంటోంది.”

“నాదేముంది సార్. తొమ్మిదింటికి తాళం పడాలె. ఫొటో తీసి గ్రూపుల పెట్టాలె.”

తాళం పడినట్టు రోజూ ఫొటో పంపాలట. పాపం, అతనేం చేస్తాడు? తండ్రీకూతుళ్లు బయటికొచ్చారు. ఇక సాయంత్రం 4 దాకా చెరువు లోపల, జనం బయట.

ఎందుకండీ ఆ తాళం? తొమ్మిదింటికి ఏం ముంచుకొస్తుంది? ఉదయం 5 గంటలకే తెరుస్తున్నాం కదా అంటారు. డిసెంబరులో హైదరాబాదులో పొద్దు పొడిచేదే ఆరున్నర దాటాక. చీకట్లో తెరిచి, ఎండ ఇలా పడగానే మూసేస్తారు. చెరువులో ఉన్నవాటికి మాత్రం మీ టైంటేబుల్ ఇంకా అందినట్టు లేదు. తాబేలు ఒళ్లు దానంతటది వేడెక్కదు, ఎండ కాగాలి, బండెక్కేది అందుకే. తూనీగలకూ, సీతాకోకచిలుకలకూ ఒళ్లు వెచ్చబడితే తప్ప రెక్కలు సాగవు. నీటికాకి ఈకలు బాతు ఈకల్లా తడిని దులిపేయలేవు. మునిగి లేచాక ఏ మొద్దు మీదో కూర్చుని, రెండు రెక్కలూ బార్లా చాపి ఆరబెట్టుకుంటుంది. అదీ ఎండలోనే. చెరువులో ఆట మొదలయ్యేది తొమ్మిదికి. మీరు తాళం వేసేదీ తొమ్మిదికే. టైటిల్స్ పడుతుండగా జనాన్ని బయటికి తోలి తలుపులేసే టాకీసు ఇంకెక్కడైనా ఉందా?

తెల్లారి రౌండ్లు కొట్టే పెద్దలతో అర్జీదారుకు తగువు లేదు. వాళ్ల చెరువు వాళ్లకు దక్కుతోంది, సంతోషం. స్కూలు వ్యాను 7 గంటల 20 నిమిషాలకు వీధి చివరికొచ్చే పిల్లలకు ఏ చెరువు మిగిలింది? అర్జీదారు ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి 8 దాటుతుంది, అది మీ రెండో తాళం వేళ. వారానికి దక్కేది ఒక్క ఆదివారం. ఆ పూట ఇడ్లీలు తిని బయల్దేరేసరికే ఈల నోట్లో పెట్టుకుని నిలబడతారు.

పోనీ, తాళం అందరికీ పడుతోందా అంటే అదీ లేదు. ఎగువ నాలా నుంచి మురుగు పగలూ రాత్రీ వస్తోంది. దానికి టికెట్టు లేదు, వేళల్లేవు, ఎవరూ దాని మీద ఈల ఊదరు. గుర్రపుడెక్క అనువైన నీళ్లలో రెండు వారాలకే రెట్టింపవుతుంది. దాన్నీ ఎవరూ నడవమనరు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న కుంటల చుట్టూ 9 మీటర్లు బఫర్ జోన్ వదలాలని 2012 నాటి నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. చెరువుల్లోకి చొరబడిన గోడల్ని పడగొట్టడానికి 2024లో హైడ్రా అని ఏకంగా ఒక సంస్థనే పెట్టాల్సి వచ్చింది. గోడలు దూరినప్పుడు లేని పట్టింపు, బొమ్మల పుస్తకం పట్టుకున్న పిల్ల దగ్గర ఎక్కడినుంచి ఊడిపడిందో! మరుగుదొడ్డి సంగతి ఎత్తకపోవడమే మర్యాద. దానికి ఉదయం, సాయంత్రం అన్న తేడా కూడా లేదు, ఎప్పుడూ తాళమే.

పూర్వం ప్రతి చెరువుకూ నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం అతని పని. ఏ మడికి ఎప్పుడు తడి కావాలో చూసి వంతులవారీగా నీళ్లు వదిలేవాడు. పైరు ఎండుతుంటే, టైమైందని తూము మూసి ఇంటికి పోయేవాడు కాదు. ఇప్పుడు మడులు ప్లాట్లయ్యాయి. తూము సిమెంటు కింద పోయింది. నీరటి చేతిలో పార తీసేసి మీరు ఈల పెట్టారు.

భద్రత అంటారేమో. పగలు జంటలు చేరతాయంటారేమో. 2021లో ఇందిరా పార్కు గేటుకు పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టి, గోల లేచాక విప్పేశారు. ఆ భయమే వేరే వేషంలో వచ్చి ఇక్కడ తొమ్మిదికి తాళం వేస్తోందని అర్జీదారు అనుమానం. నిర్వహణ భారం అంటారా? బెంగళూరు లాల్‌బాగ్ 240 ఎకరాలు, లోపల పెద్ద చెరువు. పొద్దున 6 నుంచి సాయంత్రం 7 దాకా మధ్యలో మూయకుండా నడుస్తోంది. అంత దూరం ఎందుకు, అదే 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లన్నీ ఆపేసి రోడ్డును పిల్లలకు వదిలింది ఈ నగరమే. హుస్సేన్‌సాగర్‌కు కట్టిన ఆ కట్ట 1562 నాటిది. జనం నడిస్తే అరగలేదు. 1990లో ఆ సాగరంలోనే మునిగిపోయిన బుద్ధ విగ్రహాన్ని, వందల టన్నుల రాయిని, రెండేళ్ల తర్వాత పైకి లేపి 1992లో నిలబెట్టుకున్న ఊరు ఇది. ఇక్కడ ఒక తాళంచెవి తిరగడం ఇంత బరువైందా?

అర్జీదారు గొంతు పెరిగింది, మన్నించాలి. దివ్యసముఖం, మహారాజశ్రీ అన్నీ పైనే అయిపోయాయి, మళ్లీ మొదలెట్టే ఓపిక లేదు. ఉన్నమాట చెప్పుకోవడమే మిగిలింది. రోజంతా తెరవమనడం లేదు. బోర్డులు పీకమనడం లేదు. ఎర్ర అక్షరాలు ఆర్పమనడమూ లేదు. ఆదివారం ఒక్కరోజు 11 దాకా గేటు తెరిచి ఉంచండి. అది కష్టమైతే పదిన్నర. అదీ కుదరకపోతే పది. వాచ్‌మన్‌కు ఆ గంటకు జీతం కట్టివ్వండి, టికెట్టు 15 చేసినా కాలనీ వాళ్లు కిక్కురుమనరు. తాళం ఫొటో కాస్త ఆలస్యంగా వస్తుంది, అంతే. కనీసం ఆ ఈల అలుగు దగ్గర కాకుండా గేటు దగ్గర ఊదమని చెప్పండి.

వచ్చే ఆదివారం కూడా ఆ తండ్రీకూతుళ్లిద్దరూ వస్తారు. టిఫిను మానేసి ఎనిమిదికే వస్తారు. ఎండ మాత్రం వాళ్ల కోసం తొందరగా రాదు, తాబేలూ రాదు.

ఇట్లు,
టికెట్టు కొన్న అర్జీదారు

జతపరచినది: బొమ్మ నకలు ఒకటి. తల, రెండు ముందుకాళ్లు మాత్రమే ఉన్నాయి. డిప్పకు చోటు వదిలిపెట్టడమైనది.