ఆయ్ వచ్చినోళ్లకి ‘యా’ ఎంత?

కాట్రేనికోన చుట్టుపక్కల రొయ్యల చెరువులు చూసుకుంటూ స్పానిష్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనం పెంచే వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో దాని సాగుకి 2009లో అనుమతి వచ్చింది. ఎగుమతుల్లో మనకి గట్టి పోటీ ఈక్వడార్. అక్కడి రైతులు మాట్లాడేది స్పానిష్. వాళ్ల గట్టు మీద మాట నేరుగా మన చెవికెక్కాలి.

ఆ భాషలో అడుగడుగునా తగిలే మాట ‘యా’. కోర్సుల్లో చెప్పేదానికి నా సలహాలు పూర్తిగా ఎదురు. అయినా ఇలాగే చెయ్యండి.

1. డిక్షనరీ మూసెయ్యండి

తెరిస్తే ‘యా’ పక్కన ఇప్పటికే, ఇప్పుడు, ఇక, తర్వాత, సరే, చాలు అని బారుగా కనిపిస్తాయి. అన్నీ నిజమే. బట్టీ పడితే మాత్రం సమయానికి ఒక్కటీ గుర్తురాదు. మనం రోజూ అనే ‘ఆయ్’కి మీరెన్ని అర్థాలు బట్టీపట్టారు? పిలిస్తే ‘ఆయ్’. ఫోనెత్తితే ‘ఆయ్, చెప్పండి’. పని పురమాయిస్తే ‘ఆయ్, అలాగేనండి’. పెద్దవాళ్లు చెబుతున్నంతసేపూ మధ్యమధ్యలో ‘ఆయ్’. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, విని విని వచ్చింది. ‘యా’ కూడా అలాగే రావాలి.

2. ‘అవును’ అనుకోవడం మానెయ్యండి

ఇంగ్లిషు అలవాటున్న చెవికి ‘యా’ అంటే అవునన్నట్టే ఉంటుంది. స్పానిష్‌లో అవునుకి ‘సీ’ ఉంది. తిన్నావా అని అడిగితే ‘యా’ అన్నాడంటే తినేశానని. చిలీలో సరే అనడానికి కూడా ‘యా’ అంటారు. అది నిజమే అయినా మొదటి నెల ఆ అర్థాన్ని దగ్గరికి రానివ్వకండి.

3. వ్యాకరణం పట్టికలు అటకెక్కించండి

‘యా’ పక్కన ఏ మాట పడిందో చూస్తే చాలు. ‘యా కోమీ’ అంటే తినేశాను. ‘యా బోయ్’ అంటే ఇదిగో వస్తున్నా. ‘యా బెరేమోస్’ అంటే చూద్దాంలే. ‘యా నో’ అంటే ఇంక లేదు. ‘యా ఎస్తా’ అంటే పనైపోయింది. ‘యా కే’ ఒక్కటే వేరు, అది కారణం చెప్పేటప్పుడు వాడే మాట. దాన్ని ప్రస్తుతానికి వదిలెయ్యండి.

4. నోటికంటే ముందు చేతులు చూడండి

ఈక్వడార్ చెరువుల వీడియో పెట్టుకుని కింద వచ్చే అక్షరాలు తీసెయ్యండి. గట్టు మీద మనిషి చెక్ ట్రే పైకి లాగాడనుకోండి. మేత మిగల్లేదు. ‘యా’ అన్నాడు, అంటే తినేశాయని. పక్కవాడు మళ్లీ మేత పోస్తున్నాడు. ఈసారి ‘యా, యా’ అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు, అంటే చాలు చాలని. మాట ఒకటే, పని మారింది. రెండుచోట్లా అది చెప్పేది ఒక్కటే: ఇందాకటి స్థితి ఇప్పుడు లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పైన చెప్పిన అర్థాల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

5. తప్పో ఒప్పో, రోజంతా వాడండి

ఏరియేటర్ కట్టేశాక ‘యా’. అన్నం తినేసి లేస్తూ ‘యా’. ఇంట్లోవాళ్లు కేకేస్తే ‘యా బోయ్’. వాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. కొన్నిచోట్ల తప్పే పడుతుంది, దిద్దుకోడానికి ఆగకండి. వంద మాటలు సగం సగం వచ్చినవాడి కన్నా ఒక్క మాట నిండుగా వచ్చినవాడే ముందు మాట్లాడతాడు.

మన చెరువుల్లో పెరిగే రొయ్య జాతి ఆ పసిఫిక్ తీరానిది. దాన్ని మనకంటే ముందు నుంచీ పెంచుతున్నవాళ్ల అనుభవం వాళ్ల భాషలో ఉంది. భాష రాదని దాన్ని వదులుకోకండి. ఈ పూట మేత వేసేటప్పుడే మొదలుపెట్టండి.